ఆఫ్‌సీజన్‌లో ట్రయథ్లాన్ సాధన: కొత్తవారు దేనికి సమయం ఇవ్వాలి?

ప్రశ్న: ఈత, సైకిల్, పరుగు మూడింటినీ వరుసగా చేసే ట్రయథ్లాన్‌లోకి నేను ఈ ఏడాదే వచ్చాను. మొదటి స్ప్రింట్ (తక్కువ దూరాల) పోటీ పూర్తిచేశాను గాని, 750 మీటర్ల ఈతలో సగం దూరం వెళ్లేసరికే ఊపిరి అందక ఫ్రీస్టైల్ వదిలి బ్రెస్ట్‌స్ట్రోక్‌లోకి మారవలసి వచ్చింది. నీటిలోంచి బయటపడేసరికే సత్తువ అయిపోయింది. 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఎలాగో నెట్టుకొచ్చాను. తర్వాతి పోటీకి ఇంకా ఐదు నెలలుంది. ఈలోగా బలపడాలని మూడింటినీ దాదాపు రోజూ గట్టిగా చేయడం మొదలుపెట్టాను. నెల తిరగకముందే ముంగాళ్లలో (మోకాలి కింద, కాలి ముందు భాగంలో) నొప్పి వచ్చింది, నిద్ర సరిగా పట్టడం లేదు, వేగమూ పెరగలేదు. తోటివారిలో కొందరు పూర్తిగా విశ్రాంతి తీసుకోమంటున్నారు, మరికొందరు కష్టపడవలసింది ఇప్పుడేనంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ముంగాళ్ల నొప్పి గురించి చెప్పాలి, మిగతా ప్రణాళిక అంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. నొప్పి ఎముక లోపలి అంచు పొడవునా పరచుకుని, పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి, ఒళ్లు వేడెక్కాక సద్దుమణుగుతున్నట్లయితే, అది సాధారణంగా ఒక్కసారిగా పెంచిన భారం వల్ల వచ్చేదే. పరుగు బాగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది. వేలితో నొక్కినప్పుడు ఒకే చోట తీవ్రంగా నొప్పి పుట్టినా, కదలకుండా ఉన్నప్పుడూ రాత్రివేళా బాధించినా, ఎముకలో సన్నని పగులు ఏర్పడి ఉండవచ్చు కాబట్టి పరుగు పూర్తిగా ఆపి వైద్యులకు చూపించండి. సాధన పెంచి తిండి పెంచకపోయినా ఎముకలు బలహీనపడతాయి. నెలసరి క్రమం తప్పితే అది దానికి ఒక ముఖ్యమైన సూచన, ఆ సంగతి కూడా వైద్యులకు తప్పక చెప్పండి.

ఇక విశ్రాంతి విషయం. పోటీ అయిన వెంటనే ఒకటి రెండు వారాలు షెడ్యూలు లేకుండా, మనసుకు నచ్చినంత మాత్రమే కదలడం మంచిది. మీరు ఆ విరామం తీసుకోలేదు, కాబట్టి ఇప్పుడు ఒక వారం తీసుకోండి. అంతకుమించి నెలల తరబడి ఆపేయమని మాత్రం నేను చెప్పను. సాధన పూర్తిగా మానేస్తే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం రెండు మూడు వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఇప్పుడే కష్టపడాలనే సలహా ఏళ్ల తరబడి పునాది వేసుకున్నవారికి కొంతవరకు నప్పుతుందేమో గాని, మీకు నప్పదు.

నన్నడిగితే మీ ఐదు నెలల్లో పెద్ద వాటా ఈతకే దక్కాలి. సైకిల్‌లో, పరుగులో ఓపిక పెరిగేకొద్దీ వేగం దానంతటదే కొంత పెరుగుతుంది, ఈతలో అలా జరగదు. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. పైగా వేగం రెట్టింపైతే నీరు ఎదురొడ్డే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందువల్ల శరీరం నీటిలో ఏటవాలుగా ఉన్నవారు ఎంత బలంగా చేతులు వేసినా, ఆ శక్తిలో ఎక్కువ భాగం నీటిని పక్కకు తోయడానికే ఖర్చవుతుంది. కొత్తవారిలో ఈ ఏటవాలుతనానికి తరచుగా కారణం తల పైకెత్తి ముందుకు చూడటమే. తల లేస్తే తుంటి, కాళ్లు కిందికి దిగుతాయి. చూపు కొలను అడుగు మీద ఉంచి, ఛాతీని కాస్త నీటిలోకి నొక్కినట్లు పెడితే తుంటి పైకి తేలుతుంది.

సగం దూరంలో ఊపిరి అందకపోవడానికి కూడా ఫిట్‌నెస్ లోపం ఒక్కటే కారణమై ఉండదు. ముఖం నీటిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగపట్టి, తల తిప్పిన ఆ క్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేయబోయేవారిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, ఆక్సిజన్ ఉన్నా ఉక్కిరిబిక్కిరి అయిన భావన కలుగుతుంది. ముఖం నీటిలో ఉన్నంతసేపూ ముక్కుతోనో నోటితోనో సన్నగా, ఆపకుండా వదులుతూ ఉండండి. తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే పనిగా మిగలాలి. దీనిని దూరం ఈదుతూ నేర్చుకోలేరు. వారానికి మూడు నాలుగుసార్లు కొలనుకు వెళ్లి, 25 మీటర్ల చొప్పున నెమ్మదిగా ఈది, శ్వాస పూర్తిగా కుదుటపడే వరకు ఆగి, మళ్లీ ఈదండి. అలసట వల్ల తీరు చెడిపోవడం మొదలైన వెంటనే ఆ రోజుకు చాలించండి, చెడిన తీరులో వేసే ప్రతి చేతివేటూ తప్పునే అలవాటు చేస్తుంది. వీలైతే కోచ్‌తో కొన్ని పాఠాలు, లేదా కనీసం పక్కనుంచి తీసిన వీడియో ఒకటి అవసరం; నీటిలో మన శరీరం ఎలా ఉందని మనం అనుకుంటామో, నిజానికి ఎలా ఉంటుందో చాలా తేడా ఉంటుంది.

సైకిల్, పరుగు రెండింటినీ ఇప్పుడు తేలికగా చేయాలి, అంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలో. ప్రపంచస్థాయి ఓర్పు క్రీడాకారుల సాధనను పరిశీలించిన వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, వారి సాధనలో దాదాపు 80 శాతం ఇలాంటి తక్కువ తీవ్రతలోనే సాగుతుందని చూపారు. ఇలాంటి నెమ్మదైన సాధనతో కండరాల్లో కేశనాళికలు (సన్నని రక్తనాళాలు), కణాలకు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తమూ పెరుగుతుంది. గుండె, కండరాలు వారాల్లోనే మెరుగుపడితే స్నాయుబంధాలకు, ఎముకలకు నెలలు పడుతుంది. ఊపిరి ఇంకా సహకరిస్తుండగానే మీ ముంగాళ్లు నొప్పి పెట్టడానికి అదే కారణం. నొప్పి పూర్తిగా తగ్గాక నడక, పరుగు కలిపి చిన్న దూరాలతో తిరిగి మొదలుపెట్టండి. సైకిల్ సీటు ఎత్తు కూడా ఒకసారి చూసుకోండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దానిమీద ఆనించి, తుంటి పక్కకు జారకుండా కాలు నిటారుగా చాపగలిగితే, ఆ ఎత్తు దాదాపు సరైనదే.

వారానికి రెండుసార్లు అరగంట చొప్పున స్క్వాట్‌లు, మునివేళ్లపై లేవడం, ఒంటికాలి వ్యాయామాలు చేస్తే చాలు. ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. ఉదయం లేవగానే నాడి కొన్ని రోజులపాటు మామూలుకంటే ఎక్కువగా ఉన్నా, నిద్ర ఇంకా పట్టకపోయినా, ఆ వారం భారం తగ్గించండి. తీవ్రమైన సాధనకు పోటీకి ముందు చివరి ఎనిమిది వారాలు సరిపోతాయి.

ప్రశ్న: సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే బ్రిక్ సాధన ఆఫ్‌సీజన్‌లో అవసరమా? దిగగానే కాళ్లు నా మాట వినవు.
— మరొక పాఠకుడు

జవాబు: ప్రతి వారం అవసరం లేదు. సైకిల్‌పై నడుము వంచి, ఒకే వలయంలో తిరిగిన కాళ్లు పరుగు లయకు మారడానికి కొన్ని నిమిషాలు తీసుకోవడం సహజం. నెలకు ఒకటి రెండుసార్లు, తేలికైన సైక్లింగ్ తర్వాత పది నిమిషాలు చిన్న అడుగులతో నెమ్మదిగా పరుగెత్తితే ఇప్పటికి చాలు. సైకిల్ చివరి కిలోమీటరులో గేర్ తేలిక చేసి పెడళ్లు కాస్త వేగంగా తిప్పడం ఈలోగా అలవాటు చేసుకోండి. పోటీ దగ్గరపడ్డాక వారానికొకసారి చేయవచ్చు. అప్పుడు బూట్లు మార్చుకోవడం, హెల్మెట్ తీసి పెట్టడం కూడా సాధనలో భాగం చేయండి.