నీతి తప్పలేదు, న్యాయం జరగలేదు

సందేహం: తిరుపతిలో పీజీ చదువుతున్నాను. ఆర్థికవేత్త అమర్త్యసేన్ 2009లో తెచ్చిన ‘ది ఐడియా ఆఫ్ జస్టిస్’ పుస్తకం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఆయన నీతి, న్యాయం అనే సంస్కృత పదాలనే తీసుకుని రెంటికీ తేడా చెప్పారు. మనకూ ఉన్న మాటలే కదా అని అలాగే దించేశాను. మా స్నేహితురాలు చదివి, “నీతి అంటే మంచి నడవడి కదా, మధ్యలో సంస్థల గోల ఏంటి?” అంది. ఏం చేయాలి?

సమాధానం: మీ స్నేహితురాలు సరిగ్గానే చదివిందమ్మా. సేన్ చెప్పే నీతి వేరు, ఈరోజు మనం వాడే నీతి వేరు.

ఆయన లెక్కలో నీతి అంటే సంస్థలు, నియమాలు సక్రమంగా ఉండటం, మనుషులు వాటి ప్రకారం నడుచుకోవటం. న్యాయం అంటే అదంతా నడిచాక మనుషుల బతుకుల్లో చివరికి ఏం జరిగిందన్నది. 1971లో అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్, న్యాయమైన సమాజానికి పునాది వ్యవస్థలు ఎలా ఉండాలో చెప్పే సిద్ధాంతం ఇచ్చారు. సేన్ తన పుస్తకాన్ని రాల్స్ స్మృతికే అంకితమిచ్చి, అందులోనే ఆయనతో గట్టిగా విభేదించారు. పరిపూర్ణ న్యాయం ఎలా ఉంటుందో తేలేదాకా ఆగక్కర్లేదు, కళ్ల ముందున్న పరిస్థితుల్లో దేంట్లో అన్యాయం తక్కువో పోల్చి చెప్పొచ్చు కదా అని ఆయన వాదన.

ఇప్పుడు మన నీతి చూడండి. నీతికథ, నీతిమంతుడు, నీతీ నిజాయితీ, నీతిమాలిన పని. అన్నీ మనిషి గుణం చుట్టూ తిరిగేవే. అవినీతి అనగానే లంచమే గుర్తొస్తుంది. పాత వాడుకలో మాత్రం పాలనకు సంబంధించిన అర్థం గట్టిగానే ఉండేది, బద్దెన నీతిశాస్త్రముక్తావళి చెప్పేది రాజనీతే. ఆ అర్థం ఇవాళ రాజనీతిశాస్త్రం అన్న పేరులో మిగిలింది కానీ, ఒట్టి ‘నీతి’లో పాఠకుడికి తట్టదు.

న్యాయం సంగతి అలా కాదు. కొన్నేళ్ల కిందట చిత్తూరు దగ్గర ఒక మామిడి మండీలో నిలబడి ఉన్నాను. తోతాపురి కాయ దింపిన ఒక పెద్దాయన చీటీ రెండుసార్లు తిప్పి చూసుకుని, “తూకం సరిగానే ఉండాది సామీ, చీటీ సరిగానే ఉండాది, కానీ ఇది న్యాయం కాదు” అన్నాడు. కోత కూలీ, బండి బాడుగ పోను ఆయన చేతిలో ఏమీ మిగల్లేదు. “నీతి లేదు” అని ఉంటే వ్యాపారిని మోసగాడు అన్నట్టయ్యేది, ఆయన ఆ మాట అనదలుచుకోలేదు. సేన్ చెప్పిన తేడా ఆ ఒక్క వాక్యంలో పూర్తిగా ఉంది, ఇప్పటికీ ఆ గొంతు నా చెవిలోనే ఉంది.

కాబట్టి న్యాయం అలాగే ఉంచండి, నీతిని మార్చండి. నన్నడిగితే ‘పద్ధతి’ చాలు. “అంతా పద్ధతి ప్రకారమే జరిగింది, న్యాయం మాత్రం జరగలేదు” అని మనవాళ్లు రోజూ అంటూనే ఉంటారు. మొదటిసారి వచ్చినచోట, సేన్ నీతి అన్నదాన్నే నేను పద్ధతి అంటున్నాను అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

ఇంకొకచోట జాగ్రత్త. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయాన్ని సేన్ చేపల లోకపు న్యాయంగా తీసుకుని, మనుషుల్లో అది రాకూడదంటారు. ఆ వాదనకు అలా చెప్పటం బాగుంటుంది. కానీ మన వాడుకలో అది కాకతాళీయన్యాయం, అంధగజన్యాయం వరసలోది, అక్కడ న్యాయం అంటే లోకంలో కనిపించే తీరు, పోలిక. చదివేవాళ్లు తికమకపడకుండా ఈ ముక్క కూడా చెప్పండి.

మీ వ్యాసంలో రాల్స్ ‘ఐడియల్ థియరీ’కి ‘ఆదర్శ సిద్ధాంతం’ అని కూడా ఉంది. ఆదర్శ రైతు, ఆదర్శ ఉపాధ్యాయుడు అన్నప్పుడు చూసి నేర్చుకోదగినవాళ్లని అర్థం. రాల్స్ అన్నది అది కాదు, అందరూ నియమాలు పాటిస్తారు, పరిస్థితులూ అనుకూలంగా ఉంటాయి అని ముందే అనుకుని చేసే ఆలోచన. 2005లో తత్వవేత్త చార్ల్స్ మిల్స్ తప్పుపట్టింది దీన్నే, అలా అనుకుని మొదలుపెడితే నిజంగా జరుగుతున్న అణచివేత కనబడకుండా పోతుందని. అందుకే ‘అంతా సవ్యంగా ఉందనుకుని కట్టిన సిద్ధాంతం’ అనండి. పొడుగైనా పరవాలేదు. మార్చాక మళ్లీ మీ స్నేహితురాలికే ఇవ్వండి, ఆమె ఎక్కడ ఆగి వెనక్కి చదువుతుందో అక్కడ గీత పెట్టుకోండి.