మేన్ పేజీ రాస్తున్న కుర్రాడికి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

బాబూ, నువ్వు పంపిన మేన్ పేజీ, అదే నీ ప్రోగ్రామ్ ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ పేజీ, చూశాను. ఫొటోల పేర్లు గంపగుత్తగా మార్చే నీ ప్రోగ్రామ్ గురించి సూటిగా రాశావు. ఉదాహరణలు కూడా పనికొచ్చేవే. మాటల్లో నేను వేలు పెట్టేదేమీ లేదు, చిక్కంతా ఫార్మాటింగ్‌తోనే. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మీ నాన్న డీటీపీ షాపులో పెరిగిన చెయ్యి కదా, ప్రతి లైనూ నీ స్క్రీన్ మీద కుదిరేదాకా జరుపుకుంటూ పోయావు. పాత ఫాంటులో కొట్టిన పెళ్లికార్డు ఫైలు, ఆ ఫాంటు లేని షాపులో తెరిస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. మేన్ పేజీకీ అదే గతి పడుతుంది.

నీ లైనక్స్‌లో ఈ పేజీని చూపించేది జీరాఫ్ అనే ప్రోగ్రామ్. యూనిక్స్ సంతతిలోదే అయిన ఓపెన్‌బీఎస్‌డీ వాడేవాడికి చూపించేది మేన్‌డాక్. మొదటిది పూర్తిస్థాయి టైప్‌సెట్టర్, ఏం చెప్పినా చేసిపెడుతుంది. రెండోది మాన్యువల్ పేజీల కోసమే పుట్టింది, టైప్‌సెట్టింగ్ విద్యలన్నీ దానికి రావు. ఇంకొకడు అదే పేజీని బ్రౌజర్‌లో చదువుతాడు. యూనిక్స్ ఏడో వెర్షన్‌తో 1979లో వచ్చిన మేన్ మాక్రోలు, అంటే పేజీని మలిచే రెడీమేడ్ ఆజ్ఞలు, ఈ అందరికీ అర్థమవుతాయి. నువ్వు సొంతంగా తయారుచేసుకున్న మాక్రోలు మాత్రం అందరికీ అర్థమవుతాయన్న భరోసా లేదు. అవి తీసెయ్.

ఆప్షన్ల జాబితా చూడు. ఒక్కో ఆప్షన్‌కీ ఖాళీ వదలమని, లోపలికి జరపమని, మళ్లీ వెనక్కి రమ్మని మూడేసి ఆజ్ఞలు రాశావు. టెర్మినల్‌లో ముచ్చటగానే ఉంది. కానీ అది ఆప్షన్ల జాబితా అని ఆ ఆజ్ఞల్లో ఎక్కడా లేదు, ఎంత జరగాలో మాత్రమే ఉంది. వాటి బదులు టీపీ మాక్రో ఒక్కటి పెట్టు. కింది లైనులో ఆప్షన్, ఆ కింద వివరణ. టెర్మినల్‌లో జీరాఫ్ దాన్ని లోపలికి జరిపి చూపిస్తుంది, వెబ్ పేజీ తయారుచేసేటప్పుడు మేన్‌డాక్ నిర్వచనాల జాబితాగా మారుస్తుంది. ఎంత జరపాలన్న టెన్షన్ నీకెందుకు?

ఇక అసలు తంటా గీత. ఆప్షన్ ముందు నువ్వు పెట్టిన గీత మామూలు హైఫన్. మేన్ పేజీలు రాసే రాఫ్ భాషలో అది రెండు మాటల్ని కలిపే గీత, కమాండ్‌లో కొట్టే గీత కాదు. చాలాకాలం టెర్మినల్‌లో రెండూ ఒకేలా కనపడేలా సర్దుబాటు నడిచింది. 2023లో వచ్చిన జీరాఫ్ 1.23 ఆ సర్దుబాటు ఎత్తేసింది, మామూలు గీత యూనికోడ్‌లోని వేరే హైఫన్ గుర్తుగా పడుతోంది. డెబియన్ లాంటి లైనక్స్ పంచేవాళ్లు పాత పద్ధతికే తిప్పుకున్నారు కాబట్టి నీ దగ్గర తేడా కనపడకపోవచ్చు. తేడా కనపడే మెషీన్‌లో ఎవరైనా నీ ఉదాహరణ కాపీ చేసి, కమాండ్‌లు కొట్టే షెల్‌లో వేస్తే, ఆప్షన్‌ని ప్రోగ్రామ్ గుర్తుపట్టదు. పేజీలో ఆ ఆప్షన్ కోసం వెతికినా దొరకదు. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, అదే దీనిలో దొంగతనం. కమాండ్‌లో వచ్చే ప్రతి గీతనీ \- అని రాయి. అలాగని మామూలు వాక్యాల్లో కూడా అదే దంచకు, కాగితం మీద మాటల మధ్య మైనస్ గుర్తులు పడతాయి. కమాండ్‌లో వచ్చే ఒంటి కోట్‌దీ ఇదే కథ, అది వంకర కోట్ అయిపోతుంది. దానికి బ్యాక్‌స్లాష్, గుండ్రటి ఎడమ బ్రాకెట్, ఆ వెంటనే చిన్నక్షరాల్లో ఏక్యూ.

ఫైల్స్ విభాగంలో ఒక వాక్యం సగంలో ఆగిపోయింది, గమనించావా? కాన్ఫిగ్ ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది, ఆ పేరు సరిగ్గా లైను మొదట్లో పడింది. చుక్కతో మొదలైన లైనంటే జీరాఫ్‌కి ఆజ్ఞ. అలాంటి ఆజ్ఞ ఏదీ లేదు కాబట్టి చడీచప్పుడు లేకుండా లైను మొత్తం మింగేసింది. ఆ చుక్క ముందు \& పెడితే చాలు.

టేబుల్‌ని స్పేస్‌బార్‌తో కట్టకు. అంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు.

సరిచేశాక మేన్‌డాక్‌ని తప్పులు వెతికే లింట్ మోడ్‌లో నడుపు, జీరాఫ్‌ని హెచ్చరికలన్నీ ఆన్ చేసి నడుపు. ఒకటి వదిలేసిన తప్పు రెండోది పట్టుకుంటుంది. మేన్‌డాక్ చాదస్తం మనిషి, ప్రతి చిన్నదానికీ సణుగుతుంది. అన్నిటికీ తల ఊపక్కర్లేదు గానీ అన్నీ చదువు. టెర్మినల్ కిటికీని సగానికి కుదించి కూడా ఒకసారి చూడు.

ఎండాక్ మాక్రోల్లోకి మారమంటావా అని అడిగావు. బీఎస్‌డీ వాళ్లది, నిజానికి మేన్ కంటే మంచిది. ఏది ఆప్షనో ఏది ఫైలు పేరో దానిలో విడివిడిగా చెప్పొచ్చు. జీరాఫ్‌కీ మేన్‌డాక్‌కీ రెండిటికీ వచ్చు. కానీ ఈ పేజీకి వద్దు. రెండో ప్రోగ్రామ్‌కి రాసేటప్పుడు మొదటి నుంచీ దాంతోనే మొదలుపెట్టు.

అన్నట్టు, పై వరుసలో తేదీ 03/04 అని వేశావు. మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? సంవత్సరం, నెల, రోజు వరుసలో రాసి మళ్లీ పంపు. మీ నాన్నని అడిగానని చెప్పు.