హార్స్‌షూ బెండ్ టైల్ బొమ్మ: తెల్ల గ్రౌట్ పీకించక్కర్లేదు

అన్నా, స్టవ్ వెనక 24 టైల్స్‌తో పెట్టించిన హార్స్‌షూ బెండ్ (అమెరికాలోని అరిజోనాలో కొలరాడో నది గుర్రపు నాడాలా తిరిగే వంపు) బొమ్మ మీద తెల్ల గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపే మిశ్రమం) వల పరిచినట్టు కనిపిస్తోంది, అంతా పీకించాలా అని అడిగారు. అక్కర్లేదు. సిమెంట్ గ్రౌట్ అయితే దాని మీద వేసే గ్రౌట్ కలరెంట్ దొరుకుతుంది. సందుల్లో జిడ్డు పోయేలా కడిగి, బాగా ఆరాక సన్న బ్రష్‌తో పూయించండి. టైల్ మీద పడింది ఆరకముందే తడిగుడ్డతో తుడిచేయాలి. రంగు ఇసుక గోధుమ తీసుకోండి, ముదురు ఎరుపు వద్దు. అక్కడి నవాహో ఇసుకరాయి ఎండలో నారింజగా, నీడలో ఊదాగా కనిపిస్తుంది. మధ్యరకం రంగైతే రెండింట్లోనూ కలిసిపోతుంది. నది మీద గీతలు కాస్త తెలుస్తాయి, పర్లేదు.

నది పచ్చగా వచ్చింది, ప్రింట్ తప్పేమో అన్నారు కదా, అది తప్పు కాదు. ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ 1963లో నీళ్లు ఆపడం మొదలుపెట్టాక ఒండ్రంతా దాని వెనకున్న జలాశయం లేక్ పావెల్‌లోనే దిగిపోతోంది. కిందికి వచ్చేది చల్లటి తేటనీరు. ఎర్రనీళ్ల కొలరాడోనే కావాలంటే అంతకుముందు తీసిన ఫొటో వెతుక్కోవాలి!

నాకు అసలు అనుమానం స్టవ్ దగ్గరే. సబ్లిమేషన్ టైల్ (వేడితో బొమ్మ అద్దిన టైల్) అయితే బొమ్మ టైల్ పైనున్న పాలిమర్ పూతలో ఉంటుంది, వేడికీ ఎండకీ వెలిసిపోతుంది. బట్టీలో కాల్చిన టైల్‌లో రంగు పైనుండే గాజులాంటి పూత గ్లేజ్‌తో కలిసి గట్టిపడుతుంది, ఢోకా లేదు. మిగిలిపోయిన టైల్ ఉంటే మూల మీద బ్లేడుతో గీకి చూడండి. పూత పొరలా లేస్తే బర్నర్ వెనక మేరకు టెంపర్డ్ గ్లాస్ పెట్టించండి, పీచుతో మాత్రం రుద్దొద్దు.