మెరుపు తగ్గితే ముందు మూత చూడు

చిరంజీవి లలితకు, మామయ్య ఆశీస్సులు.

నీ రుథీనియం బైపిరిడిన్ కాంప్లెక్సు, అదే, రుథీనియం లోహానికి బైపిరిడిన్ అణువులు అతుక్కున్న పదార్థం, ఒకరోజు బాగా మెరుస్తోందనీ, మర్నాడు అదే సీసా సగం కూడా మెరవడం లేదనీ ఫోన్లో అన్నావు. తొందరపడి మళ్లీ తయారు చేయకు. నాకైతే అనుమానం గాలి మీదే.

450 నానోమీటర్ల నీలికాంతి పడితే రుథీనియం ఎలక్ట్రాన్ ఒకటి బైపిరిడిన్ మీదికి చేరుతుంది. అది తిరిగి దిగేటప్పుడు 615 దగ్గర నారింజ ఎరుపు వెలుగొస్తుంది. గాలి తీసేసిన అసిటోనైట్రైల్ ద్రావణిలో ఆ ఉత్తేజిత స్థితి మైక్రోసెకనుకు కాస్త తక్కువ సేపు ఉంటుంది. ఆక్సిజన్ తగిలి శక్తి లాగేసుకోవడానికి అదే చాలు. దాంతో మెరుపు అయిదో వంతుకు పడిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్లు చేసేవాళ్లకు ఈ గుణమే బతుకుతెరువు, మనకేమో తలనొప్పి.

అందుకని ఆర్గాన్ వాయువును ద్రావణంలోకి ఇరవై నిమిషాలు నింపాదిగా బుడగలు వదులు. ఆ గ్యాస్‌ను ముందు విడి అసిటోనైట్రైల్ గుండా పోనివ్వు, లేకపోతే నీ క్యువెట్‌లో (ద్రావణం పోసి కొలిచే చిన్న పాత్రలో) ద్రావణి ఆవిరైపోయి గాఢత పెరుగుతుంది. రీడింగ్ తీశాక ఇంకో అయిదు నిమిషాలు వదిలి మళ్లీ తియ్యి. అంకె ఇంకా పెరిగితే గాలి పూర్తిగా పోలేదన్నమాట.

మూత సంగతి మర్చిపోకు. పొదుపు కోసం నేను సూది గుచ్చే రబ్బరు మూతని, అదే సెప్టమ్‌ని, ఒక్కదాన్నే వారాల తరబడి వాడాను. రెండు నెలలు ఒకటే టెన్షన్. చివరికి మా ల్యాబ్ అసిస్టెంట్ దాన్ని ట్యూబ్‌లైట్‌కి అడ్డంపెట్టి, "ఇది సెప్టమా, జల్లెడా సార్?" అన్నాడు. సూది పోట్లన్నీ చుక్కల్లా కనిపించాయి.

450 దగ్గర అబ్జార్బెన్స్ (కాంతిని పీల్చుకునే కొలత) 0.1 దాటనివ్వకు, అంటే గాఢత సుమారు 7 మైక్రోమోలార్. ఉష్ణోగ్రత కూడా 25 డిగ్రీల దగ్గరే ఉంచు, వేడెక్కితే మెరుపు తగ్గుతుంది. క్లోరైడ్ లవణం కాకుండా హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణమే వాడు.

ఇదెందుకు పనికొస్తుందని మీ అత్తయ్య అడిగింది. తన థైరాయిడ్ రిపోర్టు తీసి, పద్ధతి దగ్గర ఈసీఎల్ఐఏ (కరెంటుతో పుట్టే వెలుగును కొలిచే పరీక్ష) అని ఉన్నది చూపించాను. అందులో థైరాయిడ్‌ని నడిపే హార్మోన్ టీఎస్‌హెచ్‌ని పట్టే యాంటీబాడీకి ఇలాంటి రుథీనియం కాంప్లెక్సే తగిలిస్తారు. ట్రైప్రొపైలమీన్ అనే రసాయనం తోడుగా కరెంటు ఇస్తే వెలుగుతుంది. "అయితే నా రక్తం మెరిసిందా?" అని ఒకటే నవ్వు.

కొత్త సెప్టమ్ వేసి, ఆర్గాన్‌కు ముందూ తర్వాతా తీసిన స్పెక్ట్రాలు (వెలుగు గ్రాఫులు) రెండూ వాట్సాప్‌లో పెట్టు. కళ్లజోడు మార్చాను, ఇప్పుడు బాగానే కనిపిస్తాయి.

ఇట్లు,
మీ మామయ్య