నిబంధనలు తగ్గితే సేఫ్టీ చదువు వృథా అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కెమికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. పీజీలో ఇండస్ట్రియల్ సేఫ్టీ చేస్తానంటోంది. ప్రభుత్వాలు భద్రతా నిబంధనలు సడలించేస్తాయి, ఆ ఉద్యోగాలు ఉండవు, పబ్లిక్ పాలసీ నయమని తెలిసినవాళ్లు అంటున్నారు. రెండింట్లో ఏది మేలు?

జవాబు: పైకి మీరు కోర్సుల తేడా అడిగారు. లోపల ఉన్నది, డిగ్రీ చేతికొచ్చాక పని దొరకదేమోనన్న భయం. ముందు దాని సంగతి చూద్దాం.

నిబంధనలు సడలించాలనే స్వేచ్ఛా మార్కెట్ వాదులు కూడా భద్రత అక్కర్లేదనరు. తనిఖీ ప్రభుత్వమే ఎందుకు చేయాలి, బీమా కంపెనీలు, ప్రైవేటు సర్టిఫికేషన్ సంస్థలు, నష్టపరిహారం దావాలు ఆ పని చేయలేవా అంటారు. 1865లో అమెరికాలో సుల్తానా అనే ఆవిరి ఓడలో బాయిలర్లు పేలి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే హార్ట్‌ఫర్డ్‌లో బాయిలర్ల బీమా కంపెనీ ఒకటి పెట్టారు. పేలితే డబ్బు కట్టాల్సింది తానే కనుక బాయిలర్ తనిఖీని బీమాతోనే ముడిపెట్టింది. బాయిలర్‌లో గార ఎంత పేరుకుంది, రేకు ఎక్కడ తుప్పుతో పలచబడింది, సేఫ్టీ వాల్వ్ బిగుసుకుపోయిందా అన్నవి ఎవరో ఒకరు దగ్గరుండి చూడాల్సిందే. జీతం ప్రభుత్వం ఇచ్చినా, బీమా కంపెనీ ఇచ్చినా ఆ మనిషి కావాలి. కాబట్టి ధైర్యంగా ఉండండి.

అలాగని ఆ వాదనలో లోటు లేదని కాదు. ఆస్‌బెస్టాస్ పీల్చినవాళ్లకు జబ్బు చాలాసార్లు 20 ఏళ్లు దాటాకే బయటపడుతుంది. ఈలోగా కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఆస్‌బెస్టాస్ సరుకు తయారుచేసిన అమెరికా కంపెనీ జాన్స్-మాన్‌విల్ 1982లో దివాలా రక్షణ కోరింది. కంటికి కనబడని ప్రమాదానికి బీమా ప్రీమియం సరిగ్గా పెరగదు, కార్మికుడూ ఎక్కువ జీతం అడగడు.

ఇక పబ్లిక్ పాలసీ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. నిబంధనలు మంచివా చెడ్డవా అని వ్యాసాలు రాయించి పంపే కోర్సుతో ఉద్యోగం రాదు. కారులో భద్రతా పరికరాలు పెరిగితే డ్రైవర్లు దూకుడుగా నడుపుతారని, దాంతో లాభం పోతుందని ఆర్థికవేత్త శామ్ పెల్ట్‌జ్‌మన్ 1975లో వాదించాడు. అది నిజమో కాదో తేల్చాలంటే కారులో ఉన్నవాళ్ల మరణాలను, పాదచారుల మరణాలను విడదీసి లెక్కకట్టాలి. అంటే స్టాటిస్టిక్స్ బాగా రావాలి. ఇంకో లెక్క చూడండి. లక్షలో ఒకరు చనిపోయే అదనపు ప్రమాదానికి ఒక్కో కార్మికుడు ఏడాదికి 500 రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాడనుకుందాం. అలాంటి లక్ష మందిలో ఒక ప్రాణం పోతుంది కనుక, లక్షను 500తో గుణిస్తే 5 కోట్లు. దీన్నే గణాంక ప్రాణ విలువ అంటారు. ఫలానా మనిషి ప్రాణానికి ధర కట్టామని దీన్ని పొరబడేవాళ్లే ఎక్కువ. కార్మికులకు ప్రమాదం సంగతే తెలియకపోతే ఆ 500కు అర్థమే ఉండదు. ఈ పని నేర్పని పాలసీ కోర్సులో చేర్చకండి.

ఒక మాట కటువుగానే చెప్తాను. తెలిసినవాళ్లు ఏమన్నారో రాశారు గానీ, అమ్మాయి దీన్నే ఎందుకు ఎంచుకుందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. అడిగారా? ఇంజనీరింగ్ చదివి, ప్రమాదాలు ఆపే పని చేస్తానంటున్న పిల్లను గాలివార్తలతో వెనక్కి లాగకండి.

సేఫ్టీలో చేరేముందు సిలబస్ తెప్పించుకోండి. హజాప్ (ప్లాంటులో ఏది ఎలా దారి తప్పొచ్చో ఒక్కొక్కటిగా పరిశీలించే పద్ధతి), ఫాల్ట్ ట్రీ (ప్రమాదం నుంచి వెనక్కి వెళ్తూ కారణాలను చెట్టులా గీసే పద్ధతి), రిస్క్‌ను అంకెల్లో లెక్కగట్టే పేపరు, నిజమైన ప్లాంటు డేటాతో ప్రాజెక్టు ఉన్నాయేమో చూడండి. చట్టాల సెక్షన్లు బట్టీ పట్టించడమే ఉంటే అది వదిలేసి ఇంకో కాలేజీ వెతకండి. నిబంధన మారిన రోజున పనికిరాకుండా పోయేది ఆ చదువే.