కీమో వార్డు పిల్లలతో బొమ్మలు వేయించాలంటే

అక్కా, హైదరాబాద్‌లో ఓ కాన్సర్ వార్డుకు రంగులు తీసుకెళ్తే నర్సులు వద్దన్నారని, పిల్లలు పెన్సిలైనా ముట్టలేదని బాధపడ్డారు. దయచేసి మానేయకండి.

నర్సులది న్యాయమే. కాన్సర్‌కిచ్చే కీమో మందులతో తెల్లరక్తకణాలు పడిపోతాయి, చిన్న ఇన్ఫెక్షనైనా ప్రమాదమే. పదిమంది చేతులు మారే బ్రష్షులు, రంగునీళ్ళ గ్లాసులు, మట్టి వద్దు. ఒక్కొక్కరికీ సీలు తీయని క్రేయాన్ల డబ్బా ఇచ్చి, వాళ్ళకే వదిలేయండి. కోఠీలో చవకగా దొరుకుతాయి. ఆయిల్ రంగులు పలచన చేసే టర్పెంటైన్ వాసనకే వాంతులవుతాయి, దాన్ని ఇంట్లోనే ఉంచండి. ముందుగా ఆసుపత్రిలో రోగుల కుటుంబాలకు సాయపడే మెడికల్ సోషల్ వర్కర్‌ను కలవండి.

ఇక పిల్లల సంగతి. రాసే చేతికే క్యాన్యులా (మందులెక్కించే సన్నగొట్టం) ఉందేమో చూశారా? ఉంటే బొమ్మ మీరు వేయండి, కథ వాళ్ళు చెబుతారు. మన చేర్యాల పటం ఉంది కదా, పొడవాటి గుడ్డ మీద గడి తర్వాత గడి విప్పుతూ కథ చెప్పడానికే నకాషీలు, అంటే ఆ పటాలు వేసే చిత్రకారులు, దాన్ని గీసేవారు. పొడవాటి కాగితం చుట్ట తీసుకుని అలాగే చేయండి. తర్వాత ఏం రావాలో పిల్లలే నిర్ణయించాలి. సూది రాక్షసుడు కావాలంటే సూది రాక్షసుడే! ఆ మంచం మీద వాళ్ళ మాట చెల్లేది అరుదు, అందుకే ఇది నాకు చాలా ముఖ్యం.

నల్లరంగు ఎక్కువ వాడితే అర్థాలు తీయకండి, అది శిక్షణ పొందిన థెరపిస్టుల పని. అయినా మీరు చేసేది చిన్నపని కాదు: 1942లో ‘ఆర్ట్ థెరపీ’ (బొమ్మలతో చికిత్స) అనే పేరు పెట్టిన ఏడ్రియన్ హిల్ క్షయతో మంచాన పడి బొమ్మలు గీసుకున్న చిత్రకారుడే.

పక్కన కూర్చున్న తల్లికీ ఓ కాగితం ఇవ్వండి.