ముందు ఆ చర్చ్ స్ట్రీట్ ప్లాన్ మానేయండి

ఎనిమిది నెలల లాబ్రడార్, ఇంట్లో బంగారం, శనివారం సాయంత్రం బెంగళూరులో జనం కిక్కిరిసే చర్చ్ స్ట్రీట్‌కి తీసుకెళ్తే మాత్రం లాగడం, ఎగరడం, మొరగడం. రోజూ జనంలోకి తీసుకెళ్తే అదే అలవాటు పడుతుందా అని అడిగారు.

పడదు. అలవాటవుతుందనుకునే నేనూ మా మల్లిని దాదాపు పోగొట్టుకున్నాను.

మల్లి వీధికుక్క. త్యాగరాజనగర్‌లో మా ఎదుటి బిల్డింగ్ కడుతున్నప్పుడు ఇసుక కుప్ప మీద దొరికింది. అప్పటికి నాలుగు నెలలుంటాయి. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఏవి పరిచయమైతే అవి జీవితాంతం మామూలుగా అనిపిస్తాయి. మల్లికి ఆ వయసు మా ఇంటికి రాకముందే అయిపోయింది. బస్సంటే భయం, గొడుగంటే భయం, హెల్మెట్ పెట్టుకున్న మనిషంటే మరీ భయం.

మాది అనంతపురం. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషెకి, అంటే వేరుశనక్కాయల జాతరకి, ఏటా వెళ్తాను. రోడ్డుకి రెండు వైపులా వేరుశనక్కాయల రాశులు చూస్తే ఊరికి వెళ్లినట్టే ఉంటుంది. ఆ ఏడు మల్లిని కూడా తీసుకెళ్లాను. రామకృష్ణ ఆశ్రమం సర్కిల్ దాటేసరికే తోక కాళ్ల మధ్యకి పోయింది. మాటిమాటికి మూతి నాక్కుంటోంది, ఆవులిస్తోంది. బిస్కెట్ ఇస్తే నోట్లోంచి కింద పడేసింది. అక్కడే వెనక్కి తిరగాల్సింది. నేను ఇంకో వంద అడుగులు లాక్కెళ్లాను. ఎవరో పిల్లాడు సరిగ్గా దాని చెవి దగ్గర బూర ఊదాడు. మల్లి వెనక్కి గింజుకుంది. కాలర్ నా చేతిలో మిగిలింది, కుక్క లేదు.

ఆ జనంలో నలభై నిమిషాలు పేరు పెట్టి అరుస్తూ తిరిగాను. చివరికి చింతామణి వైపు నుంచి కాయలు అమ్ముకోవడానికి వచ్చిన ఒకావిడ నా తెలుగు విని పిలిచింది. మల్లి ఆవిడ వెనక, గోతాల సందులో ముడుచుకుని వణుకుతోంది. నేను చేయి పెట్టబోతే ఆవిడ ఆపింది.

"అరవద్దు నాయనా. నువ్వు అరిచేకొద్దీ అది ఇంకా లోపలికి పోతాంది. ఇట్ల నా పక్కన కూచో. దాని దిక్కు చూడొద్దు."

"ఊరికే కూర్చోవాలా అక్కా?"

"ఊరికేనే. నేను యాపారం చేసుకుంటా ఉండానే, నీకేం తొందర?"

కూర్చున్నాను. ఆవిడ సేరుతో కొలిచి పోస్తూనే, మధ్యమధ్యలో వెనక్కి చూడకుండా ఒక బన్ను ముక్క తుంచి వేసేది. మొదటి రెండూ మల్లి ముట్టలేదు. మూడోది తింది. ఇరవై నిమిషాలకి నేల మీద పాకుతూ వచ్చి నా మోకాలి మీద గడ్డం పెట్టింది. బూరలు ఆగలేదు, జనమూ తగ్గలేదు. అయినా వచ్చింది.

ఆ తర్వాత మల్లికి పనికొచ్చిందంతా ఆవిడ చేసినదే. గాంధీ బజార్‌కి కాస్త ఎడంగా ఒక పక్క వీధిలో, ఒక ఇంటి గోడ దగ్గర రాతి బల్ల ఉంది. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు కనిపిస్తుంది, హారన్లు వినిపిస్తాయి, కానీ ఏదీ మీదికి రాదు. రోజూ ఉదయం పది నిమిషాలు అక్కడ కూర్చునేవాళ్లం. బస్సు కనపడగానే ఉప్పు, మసాలా లేకుండా ఉడకబెట్టిన చికెన్ ముక్క ఒకటి. బస్సు వెళ్లిపోతే ముక్కలూ బంద్. ఈ వరస తప్పకూడదు. ముక్క ముందు చూపించి తర్వాత బస్సు దగ్గరికి తీసుకెళ్తే, చికెన్ కనిపించగానే ఏదో ముంచుకొస్తోందని కుక్క బెదురుతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో కూడా శబ్దం ముందు, తిండి తర్వాత.

ముక్క తినకపోతే మొండితనం అనుకోకండి. భయం ఎక్కువైన కుక్కకి ఆకలి పుట్టదు. మీరు మరీ దగ్గరికి వచ్చేశారని అర్థం, లేచి పదడుగులు వెనక్కి వెళ్లండి. తింటూ, మధ్యలో మీ మొహం వైపు చూస్తుంటే ఆ దూరం సరిపోయింది. మాకు ఆ రాతి బల్ల నుంచి పూల దుకాణాల దాకా రావడానికి ఐదు నెలలు పట్టింది. ఎంత దూరమని అడుగుతారేమో, రెండు వందల అడుగులు కూడా ఉండదు.

మీది లాబ్రడార్ కాబట్టి దానిది భయం కాకపోవచ్చు, మనుషుల్ని చూస్తే పట్టలేని సంతోషం కావచ్చు. పద్ధతి మాత్రం అదే. ఎనిమిది నెలలంటే కుర్ర వయసు, నిన్న వచ్చిన పాఠం ఇవాళ మర్చిపోయినట్టు ఉంటుంది. కోప్పడకండి. లాగితే మీరూ లాగకండి, ఆగిపోండి. తాడు వదులైనప్పుడే అడుగు వేయండి. కాలర్‌కి తాడు కట్టడం మానేసి, ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్ కొనండి. వెనక్కి గింజుకున్నా జారకుండా కొలత చూసి మరీ తీసుకోండి.

చోక్ చైన్ (లాగితే మెడకి బిగుసుకునే గొలుసు) వేసే ట్రైనర్లని దయచేసి ఇంట్లోకి రానివ్వకండి. పరిషె తర్వాత నేను కంగారులో ఒకతన్ని పెట్టాను, నెలకి ఎనిమిది వేలు. రెండో రోజే మల్లి మొరగడం మానేసింది. అతను దాన్ని క్రమశిక్షణ అన్నాడు. అతని బైక్ చప్పుడు వినగానే మల్లి మంచం కింద ఉచ్చ పోసుకునేది. మొరగని ప్రతి కుక్కా ప్రశాంతంగా ఉన్నట్టు కాదు. ఆ వారమే మాన్పించేశాను, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

ఇంకో బాధ, అడక్కుండా తల నిమిరేవాళ్లు. "మాకు కుక్కలంటే ఇష్టమండీ" అంటూ పై నుంచి వంగి మొహం మీద చేయి పెడతారు. నేను ఇప్పుడు మొహమాటపడకుండా ముందే చెప్పేస్తాను: "ట్రైనింగ్‌లో ఉంది, ముట్టుకోకండి." మీరూ చెప్పండి. మీ లాబ్రడార్‌ని చూస్తే సగం బెంగళూరు ఆగుతుంది, ఆ ఆగిన ప్రతి మనిషీ దానికి ఎగరడం నేర్పిస్తున్నట్టే.

లిఫ్ట్ సంగతి కూడా రాశారు. పెంపుడు కుక్కల్ని లిఫ్ట్‌లోకి రానివ్వబోమని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు అనకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ హక్కు మీకుంది, వదులుకోవద్దు. కానీ మూసిన డబ్బాలో ఎడంగా నిలబడే వీలుండదు కదా, కొన్ని నెలలు ఖాళీ లిఫ్ట్ వచ్చేదాకా ఆగండి. ఆదివారం కబ్బన్ పార్కులో కుక్కలన్నీ చేరే చోటు కూడా ఇప్పుడే వద్దు.

మల్లికి ఇప్పుడు ఆరేళ్లు. గాంధీ బజార్‌లో నేను పూలు కొనేటప్పుడు కాళ్ల దగ్గర పడుకుంటుంది, ఆటో పక్క నుంచి వెళ్తే చెవి ఒక్కటి కదులుతుంది. పరిషెకి మాత్రం మళ్లీ తీసుకెళ్లలేదు, తీసుకెళ్లను కూడా. నేనొక్కడినే వెళ్లి ఆ అక్క దగ్గర రెండు సేర్లు కొనుక్కుని వస్తాను. కుక్క ఎలా ఉందని ప్రతి ఏడూ అడుగుతుంది.